గోడలోని తేమ



అమెరికాలో కాపురమున్న మన బిడ్డలు, ఇంటి బీమాలో బూజు నష్టమును కూడ చేర్చుకొనవలెనా అని మనలను అడుగుచుందురు. అక్కడి సాధారణ పాలసీలు చాలవరకు, గొట్టము హఠాత్తుగా పగిలినందున పట్టిన బూజుకు కొంతమేరకు చెల్లించును. ఎన్నాళ్లో నీరు కారుచుండగా యజమాని ఊరకున్నయెడల చెల్లించవు. అదనపు సొమ్ము కట్టి చేర్చుకొనినను దానికొక పరిమితి యుండును. తేమగల చోట నివసించువారు షరతులు చదివి చేర్చుకొనుట వివేకమే. అది అవిశ్వాసము కాదు.

అయితే లేవీయకాండము 14వ అధ్యాయము చూడుడి. గోడమీద పొడ కనబడగానే యజమానుడు దాచక యాజకునికి తెలుపవలెను. ఇల్లు 7 దినములు మూయబడును. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లు ఊడదీసి, గోడ గీకించవలెను. పైపూతతో మరుగుచేయుమని దేవుడు సెలవియ్యలేదు.

మనము క్రిస్మసుకు గోడలకు సున్నము వేయుదుము. లోపల తేమ యున్నయెడల వానకాలమున మచ్చ మరల పైకివచ్చును. అన్నదమ్ముల పగయు, ఇంట చెప్పని అప్పును, చాటున త్రాగుడును అట్టివే. వీటికి ఏ పాలసీయు చెల్లించదు. చెల్లించినవాడు క్రీస్తు ఒక్కడే. గనుక దాచక నేడే ఆయనయెదుట ఒప్పుకొందము. ఆమేన్.