తోసినవాడి గెలుపు

సూర్యాపేటలో మా వీధిలో పిల్లలు సైకిల్ పందెం వేసుకున్నారు. మావాడు పక్కింటివాణ్ని మోచేత్తో తోశాడు. పాపం, వాడి మోకాలు చెక్కుకుపోయింది. మావాడి సైకిల్‌కి తాళం వేసేశాను.

హాలెండు వీరులిద్దరు గుర్తొచ్చారు. 2020 ఆగస్టులో పోలెండు పందెంలో, గీత దగ్గర, డిలన్ గ్రూనెవేగెన్ పక్కకి జరిగి ఫాబియో యాకొబ్సెన్‌ని కంచె మీదికి నెట్టాడు. ఫాబియో కోమాలోంచి బయటపడ్డాడు. డిలన్‌కి తొమ్మిది నెలల నిషేధం. 2022 జులైలో టూర్ డి ఫ్రాన్స్‌లో ఒకరోజు ఫాబియో గెలిచాడు, మర్నాడే డిలన్!

మొదటి గెలుపుకి పొంగిపోయాను. రెండోదానికి మనసొప్పలేదు. శిక్ష తీరిందిగా, మరి నా కోపానికి గడువెవరు పెట్టాలి? దెబ్బ తిన్నవాడా, దూరాన్నించి చదివిన నేనా?

సాయంత్రం పక్కింటివాడు కుంటుతూ వచ్చి, "అత్తమ్మా, వాణ్ని ఆడుకోడానికి పంపవా?" అన్నాడు.

తాళంచెవి ఇంకా నా కొంగుకే ఉంది.