ఇంటి మడికి ఒక నీతి, అంగడి మడికి మరో నీతా?



మానవుడు తాను తినే ఆహారం వైపు ఒకసారి దృష్టి సారించాలని దివ్యఖుర్ఆన్‌లోని సూరహ్ అబస మనకు బోధిస్తోంది. ఆకాశం నుంచి నీటిని కురిపించినదెవరు? నేలను చీల్చి మొలకను పైకి తెచ్చినదెవరు? ధాన్యాన్ని, కాయగూరలను, పండ్లను మనకూ మన పశువులకూ జీవన సామగ్రిగా చేసినదెవరు? మనం కంచం ముందు కూర్చుని బిస్మిల్లాహ్ అంటాం. కాని ఆ కూర ఎవరి చేతుల మీదుగా, ఏ స్థితిలో మన దాకా వచ్చిందో ఆలోచిస్తున్నామా?

మాది హుజూర్‌నగర్. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద ఇక్కడి భూములు వరి మడులయ్యాయి. అల్‌హమ్దులిల్లాహ్, అన్నానికి లోటు లేదు. కాని ఊరి చుట్టూ పచ్చని పొలాలున్నా కూర కోసం మాత్రం సంచి పట్టుకుని మార్కెట్‌కు పోవలసిందే.

ఆ మధ్య జుమా నమాజ్ ముగిసిన తర్వాత ఒక రైతు సోదరుడు ఎంతో ప్రేమగా మా చేతికి చిక్కుడుకాయల సంచి అందించాడు. "భాయ్, ఇవి మా ఇంటి కోసం వేసుకున్న మడిలోనివి. మందు కొట్టలేదు. పిల్లలకు ధైర్యంగా పెట్టండి" అన్నాడు. మేము సంతోషంతో దుఆ చేసి ఇంటికి తెచ్చుకున్నాం. రాత్రి భోజనం దగ్గర కూర్చున్నప్పుడు గాని ఆ మాటలోని రెండో సగం మాకు తట్టలేదు. ఇంటి మడికి మందు కొట్టలేదంటే, అంగడికి పోయే మడి మాటేమిటి? అవి తినేది ఎవరి పిల్లలు? ఆ ప్రశ్న అక్కడే అడగకుండా సంచి అందుకున్నందుకు మాకు సిగ్గనిపించింది.

విశ్వాసానికి గీటురాయి

ఒక వ్యక్తి తన కోసం ఇష్టపడేదాన్నే తన సోదరుని కోసం కూడా ఇష్టపడనంత వరకు అతని విశ్వాసం పరిపూర్ణం కాదని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే దాన్ని కూరగాయల మడి దగ్గర నిలబెట్టి ఎప్పుడైనా చూశామా?

మరో సంఘటన చూడండి. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు కుప్ప దగ్గర ఆగి లోపలికి చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. వాన పడటం ఆ వర్తకుని తప్పు కాదు. దాన్ని దాచటమే అతని తప్పు. నిన్న మందు కొట్టిన వంకాయను ఈ రోజు కోసి, నిగనిగలాడుతోందని చూపించి అమ్మటం కూడా ఇటువంటిదే కదా!

మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయలపై వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. వాడటానికి అనుమతి ఉన్న మందులకు కూడా చల్లిన తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలో గడువు ఉంటుంది. ఆ గడువును పాటించటం కేవలం చట్టం మాత్రమే కాదు, అది మనకు అప్పగించబడిన అమానతు. ప్రళయదినాన దాని గురించి కూడా ప్రశ్న ఉంటుంది.

కొనేవారు నిర్దోషులా?

నేరమంతా రైతు మీద మోపి మనం పక్కకు తప్పుకోరాదు. ఒక్క పుచ్చు కనబడితే చాలు, వంకాయను విసిరి పారేసేది మనమే. ఆకుకూరకు చిన్న చిల్లు ఉంటే ధర తగ్గించమని బేరమాడేదీ మనమే. కాయతొలుచు పురుగు వల్ల పంట పోతే అప్పు తీర్చేదెలా అన్న భయం రైతుది. మచ్చలేని కాయే కావాలన్న పట్టుదల మనది. ఈ రెండూ కలిసి మందు డబ్బా మూత తీయిస్తున్నాయి. కనుక పశ్చాత్తాపం ఇరువైపుల నుంచీ రావాలి.

పెరట్లో ప్రారంభిద్దాం

ఒక ముస్లిం మొక్క నాటినా, విత్తు వేసినా, దాని నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతని తరఫున సదఖాగా వ్రాయబడుతుందని హదీసు శుభవార్తనిస్తోంది. పిచ్చుక తిన్న గింజ కూడా వృథా కాదన్నమాట! సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుంచి విముక్తి పొందటానికి ఖర్జూరపు మొక్కలు నాటవలసి వచ్చినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా తన చేతులతో నాటారు. మట్టి అంటిన చేయి తక్కువ చేయి కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ప్రతి ఒక్కరూ రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి చివరకు మిగిలినది తినే మన తల్లులకు, అక్కచెల్లెళ్లకు వాకిట్లోని ఆకుకూర ఎంత మేలో ఆలోచించండి.

స్థలం లేదని బాధపడనక్కర లేదు. మిద్దె మీద నాలుగు కుండీలున్నా చాలు. ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలపండి. మెంతికూర మూడు వారాలలో, తోటకూర నెల రోజులలో చేతికొస్తాయి. పుంటికూర, పుదీనా, కరివేపాకు మన వంటింటికి కొత్తవి కావు. తొలకరిలో గోడ పక్కన సొర విత్తనం పెట్టి పందిరి కడితే, దైవప్రవక్త (స) ఇష్టంగా తిన్న సొరకాయ మీ ఇంట్లోనే కాస్తుంది. పళ్లెంలో ఆయన సొరముక్కల కోసం వెదకటం చూసినప్పటి నుంచి అనస్ (రజి)కు కూడా సొరకాయ అంటే ప్రీతి ఏర్పడింది. పురుగు కనబడితే 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, సాయంత్రం పూట చల్లండి.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కంటే తక్కువతో వుజూ ముగించేవారు. మనం కుళాయి తిప్పి బకెట్టెడు పారబోస్తున్నాం. ఇంట్లోనూ మస్జిదులోనూ వుజూ నీరు మురికి కాలువలోకి పోకుండా మొక్కల పాదుల్లోకి మళ్లిస్తే ఎంత బాగుంటుంది!

పొరుగువారి హక్కు మరువరాదు. పాదు కోసం పక్కవారి జాగాలోకి జానెడు జరగటం కూడా మహాపాపమే. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హదీసు హెచ్చరిస్తోంది. కాసిన కాయల్లో వారికీ కొన్ని పంపండి, వారు ఏ మతస్థులైనా సరే.

ఆ రైతు సోదరుణ్ణి మేము మళ్లీ కలిశాం. ఈసారి అడగవలసింది అడిగాం. అతను చాలాసేపు తలవంచుకున్నాడు. తర్వాత, "పుచ్చు కాయలు కొనేవాళ్లుంటే చెప్పండి భాయ్, రెండు మడులు ఒకటి చేస్తా" అన్నాడు. మేము కొంటామన్నాం. మరో మూడు నాలుగు ఇళ్లవారు కూడా ముందుకొచ్చారు. ఇప్పుడు మా వంటింట్లో కత్తిపీట ముందు కూర్చున్నవారు పుచ్చు ఉన్నంత మేర కోసి తీసేసి, మిగిలినది అల్లాహ్ పేరుతో వండుతున్నారు.

ఓ అల్లాహ్! మా ఉపాధిని హలాలుగా, పరిశుద్ధంగా ఉంచు. మా పిల్లల కంచంలో మేము కోరుకునేదే ఇతరుల పిల్లల కంచంలోనూ కోరుకునే హృదయాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.