కర్మసాక్షి

సూర్యునకు కర్మసాక్షి యని మన పెద్దలు పేరిడిరి. ఆ సాక్ష్యమును చదువనేర్చిన విద్య యొకటి యిప్పుడు మనకు లభించినది. ఆకాశమున తిరుగు కృత్రిమోపగ్రహము భూమిపై బడి మరలిన సూర్యకాంతిని కొలిచి పటముగా దింపును. ఆరోగ్యముగల యాకు ఎఱ్ఱని వెలుగును మ్రింగి, కంటికి గానరాని పరారుణ కాంతిని మిక్కిలిగా మరలించును. నీరు ఆ పరారుణమును మ్రింగి నల్లగా దోచును. ఈ భేదమునుబట్టి అడవి యెండుటయు, సరస్సు కుంచించుటయు దూరమునుండియే తెలియును. అమెరికావారు 1972లో లాండ్‌శాట్‌ను, మన దేశమువారు 1988లో ఐ.ఆర్.ఎస్.-1ఎ ను పైకి పంపిరి. మన యుపగ్రహముల పటములను సిద్ధపఱచు జాతీయ దూర సంవేదన కేంద్రము హైదరాబాదుననే యున్నది.

అయినచో, చూచుటచేతనే కాచుట యగునా? కొల్లేటి సంగతి విచారింతము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న యీ మంచినీటి సరస్సును 1999లో ప్రభుత్వము వన్యప్రాణులకు అభయస్థానముగా ప్రకటించెను. 2002లో ఇది రామ్‌సర్ పట్టికలో చేరెను. అయినను సరస్సు గర్భమున చేపల చెఱువుల గట్లు లేచుచునే యుండెను. పటములలో అవి కనబడుచునే యుండెను. 2006లో గట్లను తెగగొట్టించిరి. పిమ్మట ననేకములు మరల లేచినవి. తెలియక జరిగినదను మాట యిక చెల్లదు. ఎఱిగియు మిన్నకుండుట ఎఱుగక యుండుటకంటె పెద్ద దోషమని మా యభిప్రాయము.

పటమునకు గట్టు కనబడును గాని, ఆ గట్టు వెనుకనున్నది పేద జాలరి యాకలియో, ధనికుని పెట్టుబడియో కనబడదు. అది తెలియవలెనన్న మనుష్యుడు అచ్చటికి పోయి, మనుష్యుని అడుగవలసినదే. అట్లడుగక పటమునే ప్రమాణముగా గొని దండించుట న్యాయము గాదు.

మఱియొక చిక్కు గలదు. కొల్లేటిని బంగాళాఖాతముతో కలుపునది ఉప్పుటేరు. భూతాపము వలన సముద్రమట్టము హెచ్చినకొలది, ఉప్పునీరు ఆ యేటివెంట ఎగువకు వచ్చు భయము హెచ్చును. ఈ యపరాధమునకు ఎవని గట్టు తెగగొట్టుదము? అభయస్థానపు సరిహద్దురాళ్లు వేటగానిని ఆపగలవు గాని వేడిమిని ఆపలేవు. ఆ వేడిమికి కారణమైన బొగ్గుపులుసు వాయువు మన దీపములకై బొగ్గు మండించుచోటను, మన వాహనములనుండియు వెలువడుచున్నది. 2014లో అమెరికావారు పంపిన ఓ.సి.ఓ.-2 అను నుపగ్రహము, మరలివచ్చిన సూర్యకాంతినిబట్టియే గాలిలోని యా వాయువును కొలుచుచున్నది. గట్టు వేసినవానిని చూపిన వెలుగే మన యింటి పొగనుగూడ లెక్కించుచున్నదన్నమాట.

కావున, కొల్లేటి పటమును చూచి పరుల నిందించు గృహస్థుడు తన యింటి విద్యుత్తు పద్దును, బండి చమురు పద్దును ఆ పటము ప్రక్కనే పెట్టి చూచుకొనవలెను. జాలరిని త్యాగము చేయుమనుటకు ముందు, మన సౌఖ్యములలో దేనిని తగ్గించుకొనగలమో నిర్ణయించుకొందము. అంతకు పూర్వము అతనికి బుద్ధి చెప్పు నధికారము మనకు లేదు.