మార్చి కట్టిన ఇల్లు అదే ఇల్లా?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, ఒక కొత్త తరహా ఇల్లు వచ్చింది. ఒకే అంతస్తు, చదునైన లేదా కొద్దిగా వాలుగా ఉండే కప్పు, గోడలకు బదులు స్తంభాలూ దూలాలూ భారం మోసే నిర్మాణం, నేల నుంచి కప్పు దాకా అద్దాలు, హాల్లో కలిసిపోయిన వంటిల్లు దాని లక్షణాలు. ఇప్పుడు మిడ్ సెంచరీ మోడర్న్ అంటున్న ఈ తరహా ఇంటిని మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్. 1949 నుంచి 1974 దాకా పాలో ఆల్టో, సన్నీవేల్, కూపర్టినో, శాన్ హోసే వంటి చోట్ల ఆయన సుమారు 11 వేల ఇళ్లు కట్టించాడు. ఆ ఇళ్ల వయసు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు. వాటిని ఇప్పటి అవసరాలకు తగ్గట్టు మార్చడం మేస్త్రీ పనిగానే మొదలవుతుంది. కానీ ఒక్కో భాగమూ తీసి కొత్తది పెడుతూ పోతుంటే, చివరికి మిగిలేది ఆ ఇల్లేనా అన్న ప్రశ్న దగ్గర ఆ పని తత్త్వశాస్త్రంలోకి అడుగుపెడుతుంది. ఈ ప్రశ్న మీద గ్రీకులూ భారతీయులూ రెండు వేల ఏళ్లకు పైగా వాదించుకున్నారు.

ముందు ఇంట్లో ఏం మారుతుందో చూడాలి. ఐక్లర్ ఇళ్లలో హీటర్ కంటికి కనిపించదు. నేల కింద కాంక్రీటులో పాతిన గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతూ గచ్చునే వెచ్చబరుస్తాయి. కొన్ని ఇళ్లలో రాగికి బదులు వాడిన ఉక్కు గొట్టాలు తుప్పుపట్టి కారడం మొదలుపెట్టాయి. ఎక్కడ కారుతోందో పసిగట్టి ఆ మేరకు గచ్చు పగలగొట్టి అతుకు వేయించుకోవచ్చు. లేదంటే ఆ ఏర్పాటునే వదిలేసి గోడకు హీట్ పంప్ బిగించుకోవాలి. ఒంటి పలక అద్దాలు చలికాలంలో వేడిని, ఎండాకాలంలో చల్లదనాన్ని నిలవనివ్వవు. రెండు పలకల అద్దం పెడితే కరెంటు ఖర్చు తగ్గుతుంది కానీ చట్రం లావవుతుంది. అసలు చిక్కు కప్పుతో వస్తుంది. ఈ ఇళ్లలో పైకప్పుకు వేసిన చెక్క పలకలే లోపలి నుంచి చూస్తే సీలింగు. మధ్యలో అటక లేదు. కొత్త వైర్లకూ ఏసీ గొట్టాలకూ దాక్కునే చోటే లేదు. అందుకే చాలామంది పలకల కింద మరో సీలింగు దించి, దాన్నిండా లైట్లు పొదిగించుకుంటారు.

సన్నీవేల్, కూపర్టినోల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇలాంటి ఇంట్లో మన వంట మొదలైతే పోపు ఘాటు అడ్డూ ఆపూ లేకుండా పడకగది దాకా పోతుంది. మంచి చిమ్నీ పెట్టాలంటే దాని గొట్టం కప్పును చీల్చుకుని నేరుగా పైకి పోవాల్సిందే. పూజకు ఒక మూల కావాలంటే, అద్దాలే ఎక్కువగా ఉన్న ఇంట్లో ఆ మూలను కొత్తగా సృష్టించుకోవాలి. 1950ల చివరి నుంచి ఐక్లర్ ఇళ్లకు నడుమ ఏట్రియం వచ్చింది. పైన ఆకాశం, చుట్టూ గదులు ఉండే ఈ ఖాళీ చోటు గోదావరి జిల్లాల మండువా లోగిలిని గుర్తుచేస్తుంది. చాలామంది దానిపై అద్దం కప్పు వేయించి హాల్లో కలిపేసుకున్నారు. చోటు పెరిగింది కానీ, ఇంటి నడుమ వాన పడటం ఆగిపోయింది.

ఇంతకీ ఇన్ని మార్పుల తర్వాత మిగిలింది ఏది? గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడ కథలో ప్రశ్న ఇదే. ఏథెన్స్‌వాళ్లు ఆ వీరుడి ఓడను జాగ్రత్త చేస్తూ, కుళ్లిన పలకల స్థానంలో కొత్తవి బిగిస్తూ వచ్చారు. అది అదే ఓడ అని కొందరు తత్త్వవేత్తలన్నారు, కాదని మరికొందరన్నారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు చెందిన తత్త్వవేత్త థామస్ హాబ్స్ దీనికి ఇంకో చిక్కుముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచిపెట్టి, అదే వరుసలో కూర్చి రెండో ఓడ చేస్తే, ఆ రెండింటిలో అసలుది ఏది?

భారతీయ దర్శనాల్లో ఈ వాదం మరింత లోతుకు వెళ్లింది. వైశేషికుల దృష్టిలో అవయవాలు వేరు, వాటిలో నిలిచే అవయవి వేరు. నూలుపోగులు వేరు, గుడ్డ వేరు. ఒక పోగు లాగేస్తే పాత గుడ్డ నశించి కొత్త గుడ్డ పుట్టినట్టే. ఈ లెక్కన ఒక్క అద్దం మార్చినా అది కొత్త ఇల్లే. తర్కంగా ఇది గట్టిదే కానీ, ఇంట్లో ఉండేవాడికి అక్కరకొచ్చే మాట కాదు. బౌద్ధులు రెండో వైపు నుంచి వచ్చారు. మిళింద పన్హ అనే గ్రంథంలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజు ఎక్కి వచ్చిన రథాన్నే ఉదాహరణగా తీసుకుని, చక్రం రథమా, ఇరుసు రథమా అని ఒక్కొక్కటీ అడుగుతాడు. ఏదీ కాదు. రథం అన్నది ఆ భాగాల కూడికకు మనం పెట్టుకున్న పేరు. ‘నిన్న చూసిన ఇల్లే ఇది’ అన్న గుర్తింపును నైయాయికులు స్థిరత్వానికి సాక్ష్యంగా చూపితే, బౌద్ధులు ఒప్పుకోలేదు. కత్తిరించాక మళ్లీ పెరిగిన జుట్టును అదే జుట్టు అంటాం, క్షణక్షణం మారే దీపశిఖను అదే దీపం అంటాం. అక్కడ ఉన్నది పోలిక మాత్రమే, ఏకత్వం కాదన్నది వారి జవాబు.

పలకలు మారినా అమరిక మారకపోతే అదే ఇల్లు అన్నది ఆర్కిటెక్టులు సాధారణంగా తీసుకునే వైఖరి. దీనికి 7వ శతాబ్దపు మాధ్యమిక బౌద్ధ ఆచార్యుడు చంద్రకీర్తి దగ్గర ముందే సమాధానం ఉంది. రథం దాని భాగాలూ కాదు, భాగాల కుప్పా కాదు, ఆకారమూ కాదంటాడాయన. అయితే రథం లేదని ఆయన చేతులు దులుపుకోలేదు. విచారించి చూస్తే దొరకదు గానీ, లోకవ్యవహారంలో రథం ఉంది, నడుస్తుంది, దాన్ని ఎక్కి వెళ్లవచ్చు. ఇది సంవృతి సత్యం. ఇంటి విషయంలో ఇంతకంటే సరైన మాట మరొకటి లేదనిపిస్తుంది. ‘అదే ఇల్లు’ అన్న ఏకత్వం కలపలోనూ కాంక్రీటులోనూ దొరకదు. మనుషుల వ్యవహారం దాన్ని నిలబెడుతుంది. నిలబెట్టేది వ్యవహారమే కాబట్టి, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్న నిర్ణయం తప్పించుకోలేని బాధ్యత అవుతుంది.

ఇలాంటి బాధ్యతకు ఆగమశాస్త్రం గుళ్ల విషయంలో స్పష్టమైన పద్ధతి ఏర్పరచింది. జీర్ణోద్ధరణ చేసేటప్పుడు దేవతాశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి ఆవాహన చేసి, తాత్కాలికంగా ఏర్పరచిన బాలాలయంలో నిత్యపూజలు సాగిస్తారు. పనులు ముగిశాక ఆ శక్తిని తిరిగి మూలమూర్తిలోకి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే ఈ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి దాకా భక్తులు బాలాలయంలోనే స్వామిని దర్శించుకున్నారు. ఈలోగా చుట్టూ ఆలయమంతా కృష్ణశిలతో కొత్తగా లేచింది. భక్తులకు మాత్రం అది అదే గుట్ట, ఆయన అదే నరసింహస్వామి. జపాన్‌లోని ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్త కలపతో పూర్తిగా తిరిగి కడతారు. 2013లో జరిగింది 62వ సారి. ఈ రెండు సంప్రదాయాల్లోనూ ఏకత్వం రాతిలోనో కలపలోనో లేదు, ఆగకుండా సాగే పూజలో ఉంది. కట్టడాల పరిరక్షణలో 1964 నాటి వెనిస్ చార్టర్ పాత పదార్థానికి పెద్దపీట వేసింది. అసలుతనాన్ని ఆయా సంస్కృతుల కొలతలతోనే చూడాలన్న మాట 1994 నాటి నారా పత్రంలో వచ్చింది.

ఇంటికి కుంభమూ లేదు, బాలాలయమూ లేదు. పనులు జరిగినన్నాళ్లూ కుటుంబం అద్దె ఇంటికి మారుతుంది, అంతే. మరి ఇంట్లో ఆగకుండా సాగాల్సింది ఏది? ఐక్లర్ ఇంట్లో దూలాన్ని దగ్గరగా చూస్తే జవాబుకు దారి కనిపిస్తుంది. హాల్లో తల మీదుగా వెళ్లే ఆ దూలం అద్దం దగ్గర ఆగదు. అద్దాన్ని దానికి సరిపోయేలా కోసి బిగిస్తారు. దూలం అలాగే బయటికి సాగి చూరు కిందుగా పెరటి వైపు నిలుస్తుంది. కంటికి గోడ అడ్డు రాదు, చూపు దూలం వెంబడే బయటికి పోతుంది. ఇంట్లో కూర్చున్న మనిషికీ చెట్టుకూ మధ్య ఉన్న ఆ సంబంధం కోసమే మిగతాదంతా కట్టారు. కింద మరో సీలింగు దించిన రోజున దూలం మాయమవుతుంది. స్తంభాలూ అద్దాలూ అన్నీ పాతవే ఉండవచ్చు, ఒక్క పలకా మారి ఉండకపోవచ్చు. అయినా అక్కడ ఇల్లు మారిపోయింది. అదే ఇంట్లో పాత గొట్టాలు వదిలేసి, కప్పు పైన ఇన్సులేషన్ వేసి, వైర్లను దాని కిందుగా నడిపించి, అద్దాలన్నీ రెండు పలకలవి చేసి, దూలాన్ని మాత్రం తెరిచి ఉంచితే, పదార్థం సగానికి పైగా కొత్తదైనా వ్యవహారంలో అది అదే ఇల్లు.

పదార్థానికి ఏ విలువా లేదని దీని అర్థం కాదు. ఐక్లర్ గోడలకు తొడిగిన ఫిలిప్పీన్ మహోగని పలకలు ఏళ్ల తరబడి ఎర్రబారి, అక్కడ గడిచిన కాలాన్ని తమ రంగులో దాచుకున్నాయి. పైపొర పలుచన కాబట్టి గట్టిగా రుద్దితే పోతుంది. తెల్ల రంగు పూస్తే మళ్లీ పాత స్థితికి తేవడం దాదాపు అసాధ్యం. వెనక్కి తీసుకోలేని మార్పుకూ, తర్వాతి తరం సరిదిద్దుకోగల మార్పుకూ ఉన్న తేడాను చాలా రీమోడలింగ్‌లు పట్టించుకోవు. నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

దీనికి ఎదురు కొసన, ఇంటిని ఒక తేదీ దగ్గర ఆపేయాలన్న కోరిక ఉంది. పామ్ స్ప్రింగ్స్‌లో ఆర్కిటెక్టు రిచర్డ్ నోయిట్రా 1946లో ఎడ్గర్ కౌఫ్‌మన్ కోసం కట్టిన ఇంటిని 1947లో జూలియస్ షుల్మన్ తీసిన ఫొటో లోకప్రసిద్ధం చేసింది. తర్వాతి యజమానులు గదులు పెంచారు, కప్పు మీద ఏసీ యంత్రాలు పెట్టారు. 1990లలో మార్మోల్ రాడ్జినర్ అనే ఆర్కిటెక్టుల సంస్థ ఆ చేర్పులన్నీ తీసేసి ఇంటిని మొదటి రూపానికి తెచ్చింది. సరిపోయే రాయి కోసం యూటాలో మూసేసిన క్వారీ భాగాన్ని తెరిపించారు. అంత శ్రద్ధ మెచ్చుకోవాల్సిందే. కానీ అప్పుడు ఆ ఇంటికి ప్రమాణంగా నిలిచినవాటిలో మొదటిది ఫొటో, బతుకు కాదు. 2008లో క్రిస్టీస్ సంస్థ దాన్ని ఆధునిక చిత్రకళతో పాటే వేలానికి పెట్టడం అందుకు సహజమైన పర్యవసానం. నోయిట్రా తన సొంత ఇంటి విషయంలో ఇలా చేయలేదు. లాస్ ఏంజెలెస్‌లో 1932లో కట్టుకున్న ఆ ఇల్లు 1963లో కాలిపోతే, అదే చోట కొడుకు డియన్‌తో కలిసి మళ్లీ కట్టాడు. నకలు తీయలేదు, ముప్పై ఏళ్లలో నేర్చినదంతా అందులో పెట్టాడు. అయినా పాత పేరే నిలిచింది, చివర రెండు అన్న అంకె మాత్రం చేరింది.

ఇలినాయ్‌లోని ఫార్న్స్‌వర్త్ హౌస్‌ది ఇంకా కఠినమైన ఉదాహరణ. ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోహ్ 1951లో ముగించిన ఆ గాజు ఇల్లు ఫాక్స్ నది ఒడ్డున ఉంది. దోమల బాధ భరించలేక దాన్ని కట్టించుకున్న ఎడిత్ ఫార్న్స్‌వర్త్ వరండాకు తెరలు బిగించుకుంది. 1972లో కొన్న పీటర్ పలంబో ఇంటి రూపం కోసం ఆ తెరలు తీయించేశాడు. రూపం వైపు నుంచి చూస్తే ఆయన చేసింది సరైనదే. ఆ ఇంట్లో దాదాపు ఇరవై ఏళ్లు మసలిన స్త్రీ వైపు నుంచి చూస్తే తెర కూడా ఇంటిలో భాగమే. ఇల్లు మనుషుల వ్యవహారంలో నిలిచే వస్తువైతే, ఆమె మాటకు మీస్ గీసిన గీతతో సమానమైన బరువు ఇవ్వాలి.

ఐక్లర్ ఇళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. నల్లవారికీ ఆసియావారికీ ఇళ్లు అమ్మకూడదన్న కట్టుబాట్లు బలంగా ఉన్న 1950ల్లో ఆయన ఎవరికైనా అమ్మాడు. వివక్షకు వ్యతిరేకంగా నిలబడడానికి జాతీయ గృహనిర్మాతల సంఘం ముందుకు రాలేదని 1958లో దాని నుంచి తప్పుకున్నాడు. ఆ తలుపు తెరిచి ఉండటం కూడా ఆ ఇళ్ల నిర్మాణంలో భాగమే అనుకుంటే, నేడు అక్కడ తిరగమోత వేసుకుంటున్న కుటుంబం పెట్టే చిమ్నీ ఇంటికి పరాయిది కాదు. దూలాన్ని మూయకుండా ఆ గొట్టాన్ని ఎక్కడ పైకి తీయాలన్నదే అక్కడ తేల్చుకోవాల్సిన విషయం.

ఈ వ్యవహారం ఒక ఇంటి గుమ్మంతో ఆగదు. వెనక గోడంతా అద్దమే అయిన ఇల్లు, పక్కవాడి కిటికీ అటు చూడదన్న నమ్మకం మీదే నిలుస్తుంది. ఒకరు తమ ఇంటి మీద అంతస్తు లేపితే, పక్క ఇంట్లో మేకు కూడా కదలకపోయినా ఆ అద్దానికి పగలంతా తెర పడుతుంది. అందుకే పాలో ఆల్టోలో అధికశాతం యజమానులు కోరుకున్న వీధుల్లో రెండో అంతస్తును నిషేధించే నిబంధన ఉంది. ఐక్లర్ పేటల కోసం 2018లో ఆ నగరం తెచ్చిన మార్గదర్శకాలు కొత్త కిటికీ పక్కవారి ఏకాంతానికి భంగం కలిగించకుండా ఎలా ఉండాలో కూడా చెబుతాయి.