ఆటలోంచి లేచే వేళ

రూలెట్ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలుంటాయి, వాటికి తోడు ఒక సున్నా. మొత్తం 37 గదులు. ఒక అంకె మీద వంద రూపాయలు కాసి గెలిస్తే ఆ వందా మనదే, పైన 3,500 ఇస్తారు. లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 3,600. ఆ వంద రూపాయల తేడా మీదే బల్ల, దాని వెనక నిలబడ్డ ఉద్యోగి, నెత్తిమీది దీపాలు, పక్క హాల్లో పాట, అన్నీ నడుస్తాయి. సగటున కాసిన ప్రతి వందలో రెండు రూపాయల డెబ్బై పైసలు కాసినోకి పోతాయి. ఇందులో మోసమేమీ లేదు, చక్రానికి ఎవరూ దొంగ బరువు కట్టనక్కర్లేదు. గంటకు నలభై సార్లు చక్రం తిరిగితే, తిరిగినప్పుడల్లా అయిదొందలు కాసిన మనిషి ఇరవై వేలు కాసినట్టు, సగటున పోగొట్టుకునేది 540 రూపాయలు. ఒకడికి పదివేలు రావచ్చు, ఇంకొకడికి పదివేలు పోవచ్చు. అందరినీ కలిపి చూస్తే తేలేది ఇంతే. రాత్రిపూట నలుగురు స్నేహితులు కలిసి వెళ్ళి, పాటలు విని, గుండె కాస్త దడదడలాడించుకుని వచ్చినందుకు ఇది అన్యాయమైన ధర కాదు. సరదాకి కాసినో మెట్లెక్కినవాళ్ళందరినీ వ్యసనపరుల కింద జమకట్టి తిట్టిపోసేవాళ్ళు ముందు ఈ లెక్క చూడాలని నా కోరిక.

అయితే ఆ లెక్కలో మూడు అంకెలున్నాయి: వందకు ఎంత కోత, ఆటకు ఎంత పందెం, గంటకు ఎన్ని ఆటలు. జనం చూపంతా మొదటి రెండింటి మీదే ఉంటుంది. నడిపేవాళ్ళ తెలివి పనిచేసేది మూడోదాని మీద. స్లాట్ మెషిన్‌లో ఆటకు పది రూపాయలే అనుకుందాం, వందకు అయిదు కోత అనుకుందాం. బొత్తాం నొక్కడమే పని కాబట్టి నిమిషానికి పది ఆటలు తేలిగ్గా అయిపోతాయి. గంటకు ఆరు వందల ఆటలు, ఆరు వేల పందెం, మూడొందలు నష్టం. ఒక్కో ఆటకి చూస్తే రూలెట్ దగ్గర కాసే పందెంలో ఇది యాభయ్యో వంతు, గంటకి నష్టం మాత్రం సగానికి పైనే. చిల్లర ఆటే కదా అని కూర్చున్న మనిషిని ఆ చిల్లరే ఊడ్చేస్తుంది. నటాషా డౌ షుల్ అనే మానవశాస్త్రవేత్త లాస్ వేగాస్‌లో మెషిన్ల ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ళతో ఏళ్ళ తరబడి మాట్లాడి 2012లో ఒక పుస్తకం వేశారు. వాళ్ళలో చాలామంది ఆడేది గెలవడానికి కాదన్నది ఆమె తేల్చిన విషయం. ఆడుతూ ఉండటమే వాళ్ళకి కావాలి. మధ్యలో పెద్ద మొత్తం తగిలితే, ఆట ఆగిపోయిందని చిరాకుపడ్డవాళ్ళు కూడా ఉన్నారట. జూదానికి మూలం దురాశ అని మనం చిన్నప్పటినుంచి వింటున్న మాటకి ఇది అడ్డం తిరుగుతుంది. దురాశే అయితే గెలుపు దగ్గరైనా ఆగాలి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. వినోదానికీ వినాశానికీ మధ్య గీత డబ్బు దగ్గర లేదు, అదృష్టం దగ్గరా లేదు. ఆట ఎక్కడ ముగుస్తుంది, ఎవరు ముగిస్తారు అన్నచోట ఉంది. డచ్ చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లో రాసిన 'హోమో లూడెన్స్'లో, ఆటకి మామూలు బతుకు నుంచి విడదీసిన ఒక చోటు, ఒక కాలపరిమితి ఉంటాయని చెప్పాడు. బరి ఉంటుంది, మొదలూ చివరా ఉంటాయి. బరి దాటాక ఎవరి పని వారిది. పందెం ఆటకి ఉన్న చిక్కల్లా ఆ చివర దానంతట అది రాకపోవడమే. గెలిచినవాడికి చెయ్యి బాగుంది, ఇప్పుడు లేవడం తెలివితక్కువ. ఓడినవాడికి పోయినచోటే వెతుక్కోమన్న సామెత ఉండనే ఉంది. అటూ ఇటూ కానివాడికి ఇంకా ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది. మూడు స్థితుల్లోనూ మనసు చెప్పేది ఒకటే మాట, ఇంకొక్కటి. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో కాసినోలో నలుపు వరుసగా 26 సార్లు పడింది. ఇన్నిసార్లు నలుపు వచ్చాక ఎరుపు రాక తప్పదని జనం అంతకంతకూ ఎరుపు మీద పోసి పోగొట్టుకున్నారు. ఇరవయ్యోసారి ఓడినవాడికి ఇరవైఒకటోసారి ఆడటానికి మొదటిసారికన్నా బలమైన కారణం కనిపించింది. అలాంటి బుర్రని పట్టుకుని, అదే బుర్రతో సమయం చూసి లేవమంటే ఎలా లేస్తుంది? లేచే వేళ బయటినుంచి రావాలి, లేదా ఆట మొదలవకముందే ఖరారై ఉండాలి.

మన పేకాటలో ఆ ఏర్పాటు ఉండేది. పదమూడు ముక్కల రమ్మీలో నూటొకటి ఆట సంగతి చూడండి. మొదట్లోనే డ్రాప్ అంటే 20, మధ్యలో అంటే 40, లైఫ్ పడకుండా ఎవరైనా షో చేస్తే ఫుల్ కౌంట్ 80. ఎవరి లెక్క 101కి చేరితే వాళ్ళు బయటికి. కాగితం మీద అయిదు పేర్లు, పేర్ల కింద పెరుగుతూ పోయే అంకెలు. ఒక్కొక్కరూ కొట్టుకుపోగా చివరికి ఒకరు మిగులుతారు. పందెం ముందే వేసేశారు, అంతకుమించి పోదు. ఆట తన ముగింపుని తన నియమాల్లోనే మోసుకొస్తుంది. చేత్తో కలిపి, కోసి, పంచుకుని, జోకరు తీసి, లెక్క రాసుకుని ఆడితే గంటకి పది పంపకాలు దాటడం కూడా కష్టమే. ఫోన్ యాప్‌లు ఇదే రమ్మీని తీసుకుని పాయింట్ల ఆటని ముందుకు తెచ్చాయి. ఒక పంపకం, ఒక లెక్క, డబ్బు అటో ఇటో, వెంటనే ఇంకో బల్ల, ఇంకో మనిషి. కలపడం లేదు, కోయడం లేదు, టీ తెచ్చేవాళ్ళు లేరు, చాలు లేవండిరా అని వంటింట్లోంచి కేకేసేవాళ్ళూ లేరు. ముక్కలవే, నియమాలవే, నైపుణ్యమూ అదే. పోయినదల్లా చివర.

సంక్రాంతి పందేలదీ ఇదే కథ. భోగి, సంక్రాంతి, కనుమ. ఆ మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల బరుల్లో కోళ్ళు, వాటి పక్కన గుండాట, 'లోపల బయట' జూదాలు. కోళ్ళకి కత్తులు కట్టి పొడిపించడం క్రూరత్వం, చట్టం ఒప్పుకోని పని. అక్కడ ఎకరాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. దాన్ని నేను సమర్థించను. కానీ పొద్దుగూకితే కోడి పొడవదు, కనుమ దాటితే బరి ఉండదు అన్న రెండు హద్దులు ఉండేవి. ఇప్పుడు ఫ్లడ్‌లైట్లు వచ్చాయి, రాత్రంతా పందేలు నడుస్తున్నాయి. ఒక హద్దు చెరిగిపోయింది. రాత్రిని పగలు చేయడమే ఈ వ్యాపారపు అసలు కిటుకు అని తెలుసుకోవడానికి లాస్ వేగాస్ దాకా పోనక్కర్లేదు.

అయినా రాత్రి మీద నాకు కోపం లేదు. పగలంతా జీతానికి, అప్పుకి, పిల్లల ఫీజులకి జవాబు చెప్పుకున్న మనిషి, చీకటి పడ్డాక కాసేపు ఎవరికీ జవాబు చెప్పని చోటికి పోవాలనుకోవడం తప్పెలా అవుతుంది? హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి కుర్రాళ్ళు పెళ్ళికి ముందో ఉద్యోగం వచ్చాకో గోవా పోయేది అందుకే. పణజి రేవులో టికెట్ కొని చిన్న పడవెక్కితే మాండవి నదిలో లంగరు వేసిన కాసినో ఓడ దగ్గర దింపుతారు. భోజనం టికెట్లోనే, మందు టికెట్లోనే, వేదిక మీద నాట్యం టికెట్లోనే. నోట్లిచ్చి ప్లాస్టిక్ బిళ్ళలు పుచ్చుకోవాలి. ఆ క్షణం నుంచి అయిదు వేలు అయిదు వేలలా కనిపించడం మానేస్తుంది. గోడ మీద గడియారం కోసం వెతికితే దొరకదు. ఇంత చేసినా ఓడలో ఇంకా కొన్ని అడ్డంకులు మిగిలే ఉన్నాయి. బల్ల దగ్గర పదిమంది ఉంటారు, పంచేవాళ్ళు ముక్కలు కలపాలి, పక్కవాడు ఆకలంటాడు, తెల్లారితే గది ఖాళీ చేయాలి, రైలు టైముంటుంది. అందుకే పది హంగుల కాసినో కన్నా జేబులోని ఫోన్ ప్రమాదం అంటాను. దానికి ఓడ లేదు, ఒడ్డూ లేదు.

మన చట్టం చాలాకాలం వేరే గీత గీసుకుని కూర్చుంది. నైపుణ్యమా, అదృష్టమా? సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1967లో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదని చెప్పింది. ఆ ఒక్క మాటనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. అదే తీర్పులో, ఇంటి యజమానో క్లబ్ యజమానో పందెం ఆట మీద లాభం తీస్తున్నట్టు సాక్ష్యముంటే నేరం రుజువు కావచ్చన్న మాట కూడా ఉంది. నా దృష్టిలో విలువైన మాట అది. ఆట మీద లాభం తీసేవాడికి ఆట ఆగడం నష్టం. అక్కడినుంచే చివర కనుమరుగవడం మొదలవుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది. ఎంత బాగా ముక్కలు వేసినా తెల్లవార్లూ ఆడితే ఇల్లు గుల్లే కాబట్టి, పాత గీతని చెరిపేయడం సబబే.

అలాంటప్పుడు జూదమంతా పాపమని ఒక్కమాటలో తేల్చేస్తే పోదా, ధర్మరాజు కథ మనకి చెప్పింది అదే కదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ కథని నేను ఇంకోలా చదువుతాను. మొదటి జూదంలో రాజ్యమూ తమ్ములూ తానూ భార్యా పోయాక, ద్రౌపదికిచ్చిన వరాలతో ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేశాడు. రథాలు ఇంద్రప్రస్థం దారి పట్టాయి. మళ్ళీ పిలుపొచ్చింది, ధర్మరాజు మళ్ళీ వెనక్కొచ్చాడు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆట పందెం. శకుని పాచికల్లోని మాయ మొదటి ఆటని వివరిస్తుందేమో, రెండో ఆటని వివరించదు. ఎదుటివాడి చెయ్యి తెలిసిపోయాక, పోయిందంతా చేతికొచ్చాక, దారిలోంచి వెనక్కొచ్చి కూర్చోవడమే అసలు ఘోరం. పిలిస్తే కాదనకూడదన్న నియమం ఆయన కాళ్ళకి పడ్డ సంకెల. ఆడటం దగ్గరే ఆగిపోయి పాపమని తీర్పు చెప్పేస్తే, లేవలేకపోవడం అనే పెద్ద విషయం మనకి కనిపించకుండా పోతుంది.

నా డబ్బు, నా ఇష్టం అన్నది ఇంకో వాదన. నేను గౌరవించే వాదన కూడా. కానీ ఇష్టానికి రెండు వైపులుంటాయి, మొదలుపెట్టే ఇష్టం, ఆపే ఇష్టం. మొదటిదానికి ఎర్ర తివాచీ పరిచి రెండోదానికి తలుపు దాచేసేవాడు స్వేచ్ఛ పేరెత్తితే ఒప్పుకోలేను. కాసినోల మీద బతికే చోట్లే తమవాళ్ళని వాటికి దూరంగా ఉంచుతున్నాయి. మొనాకో పౌరులు మాంటెకార్లోలో ఆడటానికి లేదు. గోవా ప్రభుత్వం 2020 ఫిబ్రవరి నుంచి గోవావాసుల్ని ఆడే చోటికి రానివ్వడం లేదు. 2010లో కాసినోలు తెరిచిన సింగపూర్ మాత్రం, తన పౌరుడు లోపలికి పోవాలంటే ఇప్పుడు 24 గంటలకి 150 సింగపూర్ డాలర్లు కట్టాలంటోంది. కుటుంబ సభ్యులు అర్జీ పెట్టి ఇంట్లో మనిషిని కాసినోలోకి రానివ్వకుండా చేసుకునే వీలూ కల్పించింది. మన ఇళ్ళలో డబ్బు ఒక్కడి పేరున ఉన్నా పది అవసరాల మధ్య ఉంటుంది కాబట్టి, ఈ రెండో ఏర్పాటు మనకి బాగా నప్పుతుంది. బ్రిటన్ ఇంకా లోతుకి పోయింది. జూదపు మెషిన్ల మీద ఒక్క ఆటకి వంద పౌండ్ల దాకా ఉన్న పందేన్ని 2019లో రెండు పౌండ్లకి దించింది. 2021 నుంచి ఆన్‌లైన్ స్లాట్‌లో ఒక్కో ఆటకీ కనీసం రెండున్నర సెకన్లు పట్టాలంది. వేగాన్ని పట్టుకోవాలని ఒక ప్రభుత్వానికి తోచడం చిన్న సంగతేమీ కాదు.

ఇన్ని కట్టుబాట్లు పెట్టుకుంటే మజా ఏముంటుంది అనేవాళ్ళకి క్రికెట్టే జవాబు. ఇరవై ఓవర్లకి ఆట ముగుస్తుందని తెలుసు కనుకనే ఇరవయ్యో ఓవర్లో జనం నిలబడి చూస్తారు. ఓవర్ల లెక్కే లేకపోతే ఏ బంతీ చివరి బంతి కాదు, ఏ సిక్సరుకీ అర్థముండదు. పందెం బల్ల దగ్గరా అంతే. ఈ రాత్రికి మూడు వేలు, పన్నెండింటికి తిరుగు పడవ అని నలుగురూ ఒడ్డునే అనుకుని, తిరిగొచ్చే టాక్సీకి ముందే చెప్పి, కార్డులూ ఫోన్లూ హోటల్ గదిలో వదిలి వెళితే, చేతిలో మిగిలిన ఆఖరి బిళ్ళకి ఒక బరువు వస్తుంది. ఏ అంకె మీద పెట్టాలో నలుగురూ వాదించుకుంటారు. ఏటీఎం పక్కనే ఉన్నవాడికి ఆ వాదన అక్కర్లేదు, ఆ బరువూ తెలియదు.