అగ్గువకు దొరికిన పడవ

మా శ్రీరాంపూర్ దిక్కు చౌక అనం, అగ్గువ అంటం. టమాట అగ్గువైతే కొనేవాడు సంబరపడతాడు, పండించినవాడు బుట్టను సంతలోనే గుమ్మరించి పోతాడు. మాట ఒకటే, చూసే వైపులు రెండు. ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే. కానీ ఒక పాత పడవ కొనబోయేదాకా, ఇందులో నేనే వైపు నిలబడ్డానో చూసుకోవాల్సిన అవసరం రాలేదు.

పడవ పిచ్చి ఎక్కడిదంటే, యూట్యూబ్‌ది. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో కూర్చుని, ఇంగ్లండ్‌లో పాత నారోబోట్లు కొని బాగు చేసుకునేవాళ్ల వీడియోలు రాత్రిళ్లు చూసేవాణ్ణి. తుప్పు గీకుతారు, కట్టెల పొయ్యి బిగిస్తారు, కిటికీ పక్కన పుస్తకాల అర కొడతారు. అక్కడి కాలువల లాకులు ఏడడుగులకు కాస్త ఎక్కువ వెడల్పు, అందుకే ఆ పడవలు అంత సన్నం. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా పోతుంది. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు బాపుకు చూపించాను. ఆయన సింగరేణిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కాసేపు చూసి, "ఇండ్లల్ల ఏం మోసేటోళ్లు?" అన్నాడు.

బొగ్గు. 1761లో వర్స్‌లీ గనుల నుంచి మాంచెస్టర్‌కు బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచింది బొగ్గు కోసమే. ఆ తర్వాత ఆ దేశమంతా కాలువలు తవ్వుకుంది. బొగ్గు మోసిన పడవలని చెప్పగానే బాపుకు వీడియో మీద గౌరవం పెరిగింది. నాకేమో ఓ ఆలోచన పుట్టింది. మనకూ పక్కనే గోదావరి ఉంది కదా, ఓ పాత పడవ కొంటే?

వెతకగా వెతకగా చెన్నూరు వైపు ఓ ఊరి రేవులో దొరికింది. టేకు పలకల నాటు పడవ. ఒడ్డున బోర్లించి ఉంది, కింద కోళ్లు పడుకుంటున్నాయి. పడవ తాతకు డెబ్బై దాటి ఉంటాయి. వంతెన పడకముందు రెండు ఒడ్లకూ ఆయనే దారి. పంటప్పుడు ఊరు గింజలిచ్చేది, పెండ్లిళ్లకు బట్టలు పెట్టేది. వంతెన వచ్చాక కొన్నేళ్లు చేపలకు వాడాడు. తర్వాత కొడుకులు ఫైబర్ పడవ కొన్నారు.

"పన్నెండు వేలియ్యి బిడ్డా" అన్నాడు.

అంత అగ్గువా అనుకున్నాను. పైకి అనలేదు. నా మొహం చూసి ఆయనే చెప్పాడు. రోడ్డు పక్కన హోటల్ పెట్టేవాడొకడు వచ్చి 20 వేలకు అడిగాడట. ముంగిట్లో నిలబెట్టి, రంగులేసి, లైట్లు పెట్టి, ఫొటోలు దిగనిస్తాడట. ఈయన ఇవ్వనన్నాడు.

"నువ్వు నీళ్లల్ల దించుతవా?"

దించుతానన్నాను. అంత తొందరగా ఎలా అన్నానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లెక్క చాలా సులువు. హోటల్‌వాడి ధర 20, నా ధర 12. మధ్యలో 8 వేలు ఎక్కడికి పోయాయి? అవి నేనిచ్చిన మాటకు ఆయన కట్టిన వెల. మాట నిలబెట్టుకుంటే అది సరైన బేరం. పడవను తెచ్చి మా పెరట్లో పెట్టి, అందులో కూర్చుని పుస్తకాలు చదువుకుంటే, నేను ఆ ముసలాయన జేబులోంచి 8 వేలు తీసినట్టే. నిజం చెప్పాలంటే, నా మనసులో ఉన్నది పెరడే.

దీనికి నాలోని వకీలు ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాడు. వంతెన కట్టింది నేను కాదు. వంతెన చెడ్డదీ కాదు. అర్ధరాత్రి నొప్పులు పడే ఆడమనిషి వరద ఎప్పుడు తగ్గుతుందా అని ఇప్పుడు ఎదురుచూడాల్సిన పని లేదు. ఫైబర్ పడవ తేలిక, తారు ఖర్చు లేదు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. నేను కొనకపోతే పడవ చెదలపాలు, ఆయనకు పైసా రాదు. కొంటే ఇద్దరికీ లాభం. ఇందులో తప్పెక్కడుంది?

కొనడంలో తప్పు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒకరి నష్టానికి నేను కారణం కాకపోవడం ఒకటి, ఆ నష్టం నాకు డిస్కౌంటుగా అందడం ఇంకొకటి. మొదటిదానికి నా దగ్గర జవాబుంది, రెండోదానికి లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటాం. ఊరంతా దాటింది. నేనైతే ఏరు దాటకుండానే, బోడి మల్లయ్య దగ్గర ఓడ కూడా అగ్గువకు తీసుకుపోదామని వచ్చినవాణ్ణి.

పాత పడవ అనగానే తత్వశాస్త్రం చదివినవాళ్లకు థీసియస్ గుర్తొస్తాడు. ఏథెన్స్‌వాళ్లు ఆయన ఓడను దాచుకుని, చివికిన పలక చివికినట్టే మారుస్తూ పోయారని ప్లూటార్క్ రాశాడు. అన్నీ మారాక అది అదే ఓడా అన్నది ప్రశ్న. 17వ శతాబ్దంలో హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పలకలన్నీ ఎవరో పోగుచేసి మళ్లీ ఓడ కడితే, రెండింటిలో అసలుది ఏది? కాలేజీలో దీని మీద గంటలు గంటలు వాదించుకున్నాం. ఆ వాదనలో ఎన్నడూ రాని మనిషి ఒకడున్నాడని రేవులో నిలబడ్డాక తెలిసింది. ఆ పలకలు కొట్టిన వడ్రంగి. ఆ ఓడ నడిపి బతికినవాడు. అది అదే ఓడా అని అతన్నెవరూ అడగలేదు. పడవ తాతను అడిగితే పలకలు లెక్కపెట్టడు. నీళ్లల్ల ఉన్నదా అంటాడు, అంతే.

ఇంగ్లండ్ కథలోనూ ఈ మనిషి ఉన్నాడు. రైళ్లు, ఆపైన లారీలు కాలువల సరుకు లాక్కున్నాయి. పడవ వెనక ఇరుకు గదిలో సంసారాలు చేసిన కుటుంబాలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజినీరు పాత పడవను బాగు చేసుకుని, కాలువల మీద తిరిగి, 1944లో దాని గురించి పుస్తకం వేశాడు. 1946లో కాలువలను కాపాడే సంఘం పుట్టింది. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి. మిగిలిన సరుకు రవాణా చాలామటుకు దాంతోనే ముగిసింది. పడవలు సరదా మనుషుల చేతికొచ్చాయి. వాళ్లే లేకపోతే ఎన్నో కాలువలు పూడిపోయేవి, అది కాదనలేం. పడవలు బతికాయి, పడవల మీది బతుకు పోయింది. రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టేయలేం.

మన గోదావరి మీదా ఒక పెద్ద పడవల కల ఉండేది. కింద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో లాకులు దాటుకుంటూ పడవలు తిరిగాయి. పైన నాగపూర్, బేరార్ల పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి దించాలని బ్రిటిష్‌వాళ్లు పథకం వేశారు. దారిలో రాతి అడ్డంకులు మూడు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంచంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద. కొన్నేళ్లు కట్టి, 1871లో చేతులెత్తేశారు. దుమ్ముగూడెంలో ఆనాటి ఆనకట్ట ఉంది, మా దాకా పడవల దారి మాత్రం రాలేదు. మా బొగ్గు రైలెక్కింది. ఓడలు బండ్లవుతాయంటారు గానీ, మా దగ్గర ఓడ కాకముందే బండి అయింది. పెద్ద పథకం పోయినా రేవుల్లో చిన్న పడవలు ఇంకో నూరేళ్లకు పైగా నడిచాయి. వాటి చరిత్ర ఎవరూ రాయలేదు.

మళ్లోసారి బాపును వెంట తీసుకుపోయాను. బాయిలో పైకప్పుకు కట్టె దిమ్మెలు నిలబెట్టడం ఆయన చేసిన పని. బరువు పెరుగుతుంటే కట్టె ముందే చిటపటమంటుంది, మనిషికి ఉరికే టైం ఇస్తుంది. ఇనుము అట్ల చెప్పదు అంటాడు. పడవ చుట్టూ తిరిగి, వేలి కణుపులతో ఒక్కో పలకా కొట్టి విన్నాడు.

"రెండే పోయినయ్. మిగిలినయ్ మంచిగున్నయ్. ఎండల పెడితే అన్నీ పోతయ్."

నాకు తెలియని ముక్క అది. కట్టె పడవ నీళ్లలో ఉంటే పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఒడ్డున ఎండితే పగుళ్లిచ్చి విచ్చుకుంటాయి. అంటే దాన్ని భద్రంగా పెరట్లో దాచడమంటే మెల్లగా చంపడమే. తాత అడిగిన మాటను నేను పాతకాలపు పట్టింపు అనుకున్నాను. అది కట్టె సంగతి తెలిసినవాడి జాగ్రత్త.

అప్పుడు నాకో తెలివైన ఉపాయం తట్టింది. "తాతా, పైసలు నేనిస్త. పడవ ఇక్కడనే ఉంచు. నువ్వే నడుపు" అన్నాను. చాలా ఉదారంగా ఉన్నాననుకున్నాను.

ఆయన నవ్వాడు. "పడవ నీది, తెడ్డు నాది అంటే నేను కూలోన్నైత బిడ్డా. ఇన్నేండ్లు ఎవనికి కాలేదు."

బాపు నా దిక్కు చూడలేదు. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు కట్టె గురించే మాట్లాడుకున్నారు. లేచి వచ్చేటప్పుడు తాతే అన్నాడు: "కొనుడు ఎందుకు? ఎండకాలం రా. రెండు పలకలెయ్యి. నీకు బుద్ధైనప్పుడు వచ్చి ఎక్కు."

ఏప్రిల్‌లో పోయాం. మంచిర్యాల సామిల్లులో కోయించిన పలకలు, బాపు పాత ఉలి, నార, గుగ్గిలం, తారు. పైసలు 12 వేల కంటే తక్కువే అయ్యాయి. మూడు రోజులు పట్టింది, నా చేతులు బొబ్బలెక్కాయి. దించిన మొదటి రోజు పడవ నిండా నీళ్లు. నేను గాభరా పడ్డాను. తాత ఒడ్డున కూర్చుని చుట్ట ముట్టించుకుని, ఉబ్బనియ్యి అన్నాడు. మూడో రోజుకు కారడం తగ్గింది.

ఇప్పుడు ఆ పడవ నాది కాదు. మొన్న ఫోన్ చేస్తే చిన్న కొడుకు ఎత్తాడు. నాన్న గంగ మీద ఉన్నాడు, పొద్దుగూకినంక చెయ్యి అన్నాడు.