అలంకారం – పౌరుషం: సంతెకుడ్లూరు మొక్కు లేవనెత్తే నైతిక ప్రశ్న

కర్నూలు జిల్లా ఆదోని మండలంలోని సంతెకుడ్లూరులో హోలీ పండుగకు పురుషులు చీరలు కట్టి, నగలు ధరించి, పూలు ముడిచి, ముఖాలను తీర్చిదిద్దుకొని రతీమన్మథులను పూజిస్తారు. కోరిన కోరిక నెరవేరాలని చెల్లించే మొక్కు ఇది. ఆనాడు ఆ వేషం భక్తిగా గౌరవం పొందుతుంది. అదే అలంకారాన్ని మొక్కు లేకుండా, తన ఇష్టం కొద్దీ ఒక పురుషుడు చేసుకొంటే సమాజం ఏమంటుంది? ఈ వ్యాసం పరిశీలించదలచిన ప్రశ్న ఇది.

అలంకారం పౌరుషానికి విరుద్ధమన్న వాదం నిలిచేది కాదు. రాయలసీమ పౌరుషానికి గుర్తుగా సినిమాలు చూపే కోరమీసం కూడా దువ్వి, మెలిపెట్టి సాకిన అలంకారమే. కాబట్టి అభ్యంతరం అలంకారం మీద కాదు, అది స్త్రీని తలపించడం మీద. కడప జిల్లా సురభిలో 1885లో ‘కీచకవధ’తో ఒక మహానాటక సంప్రదాయం మొదలైంది. ఆ కథకు ఆకరమైన విరాటపర్వంలోనే బృహన్నలగా ఉన్న అర్జునుడు ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనను గెలిచాడు. జడ, గాజులు అతని పరాక్రమాన్ని తగ్గించలేదు. అయితే అక్కడ శాపం, ఇక్కడ మొక్కు ఆ వేషానికి అనుమతినిచ్చాయి.

నేటి విపణి మరొక అనుమతిని అమ్ముతోంది. 2005లో ఇమామీ సంస్థ పురుషుల కోసం ‘ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్’ క్రీమును తెచ్చింది. పూత పూసుకోవచ్చు, కాని అది ‘మగవారిది’ కావాలి. మొక్కు స్త్రీరూపాన్ని దైవానికి అర్పించదగినదిగా భావిస్తే, ఈ క్రీము స్త్రీత్వం అంటకుండా కాపాడతానంటుంది. పైగా ఎండలో పనిచేసే సీమ మనిషి మేనిఛాయను లోపంగా లెక్కగడుతుంది. దీనిని పౌరుష భావనలో వచ్చిన విముక్తి అనడం తొందరపాటు.

మొక్కును ఆదర్శీకరించడమూ తగదు. పండుగ ముగియగానే చీర విప్పిన పురుషుడు తన పూర్వాధికారంలోకి తిరిగి వెళ్తాడు. నిత్యజీవితంలో ఆ రూపాన్నే తన స్వరూపంగా భావించే ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి అలా తిరిగి వెళ్లే చోటు లేదు. వేషధారణ ద్వారా లింగ అస్తిత్వాన్ని వ్యక్తం చేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2014లో ‘నల్సా’ తీర్పులో చెప్పింది. శాపం, మొక్కు, సరకు అనే సాకులేవీ కోరని అనుమతి అది.

మారిన పౌరుషానికి గీటురాయి పురుషుడు ఏమి పూసుకొన్నాడన్నది కాదు. స్త్రీని పోలి ఉండడాన్ని అతడు అవమానంగా భావించడం మానుకొన్నాడా అన్నదే. సంతెకుడ్లూరు ఆ అవమానభావాన్ని పండుగ పూట పక్కన పెట్టగలిగింది. మిగిలిన దినాలకు ఆ ఔదార్యాన్ని విస్తరించడమే మన ముందున్న నైతిక కర్తవ్యం.